మొక్కజొన్న ప్లాంటర్‌కి గింజ సెన్సార్: పొలంలో నమ్మేట్టు ఎలా తయారు చేసుకోవాలి

డిసెంబర్ వచ్చి వరి కోతలు అవుతున్నాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఎక్కువగా తెనాలి, కొల్లిపర, దుగ్గిరాల వైపు నుంచే. అక్కడ మాగాణిలో వరి కోసేసి దుక్కి దున్నకుండానే మొక్కజొన్న వేస్తారు కదా, ఇంతకుముందు తాడు పట్టుకుని కూలీలతో గింజ గుచ్చించేవాళ్ళు, ఇప్పుడు కూలీలు దొరక్క ట్రాక్టర్ ప్లాంటర్లు వచ్చాయి. అందరూ అడిగేది ఒకటే, "అన్నా, పైపులో గింజ పడతా ఉందో లేదో డ్రైవర్‌కి తెలిసేట్టు ఏదన్నా పెట్టొచ్చా? పెడితే నిజంగా పనిచేస్తదా?" పెట్టొచ్చండి. పనిచేస్తది కూడా. కానీ బల్ల మీద పనిచేసేది వేరు, పొలంలో నాలుగో రోజు కూడా పనిచేసేది వేరు. ప్రతిసారీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్తుంటే సగం మిస్సవుతుంది, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ఈ సెన్సార్‌కి గింజల్ని కచ్చితంగా లెక్కపెట్టడం కన్నా డ్రైవర్‌తో అబద్ధం చెప్పకపోవడం ముఖ్యం. ఊరికే రెండుసార్లు మోగిందంటే డ్రైవర్ బజర్ వైరు పీకేస్తాడు, తర్వాత నిజంగా పైపు పూడినా చెప్పేవాళ్ళు ఉండరు. కింద చెప్పే ప్రతి స్టెప్పూ దానికోసమే. పద్ధతి ఇది: గింజ పడే పైపుకి ఒక పక్క నుంచి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్) కిరణం, ఎదురుగా దాన్ని చూసే కన్ను; గింజ పడేటప్పుడు కిరణం ఒక్క క్షణం అడ్డుపడుతుంది, దాన్నే లెక్కపెడతాం.

కొంచెం లెక్క, అంతే

సాలుకీ సాలుకీ 60 సెం.మీ., గింజకీ గింజకీ 20 సెం.మీ. అనుకుంటే ఎకరానికి 33 వేల పైచిలుకు మొక్కలు. నాలుగు సాళ్ళ ప్లాంటర్‌లో ఒక్క పైపు పూడిపోయి ఎవరూ చూడకుండా ఎకరం అంతా తిరిగేస్తే 8 వేల మొక్కలు లేనట్టే. అది తెలిసేది మొలక వచ్చాక, అంటే వారం తర్వాత, అప్పటికి నేలలో పదును తగ్గిపోయి ఉంటుంది, మళ్ళీ గింజ పెట్టినా ఆ మొక్క పక్క మొక్కల నీడలోనే ఉండిపోతుంది.

గంటకి 3 కిలోమీటర్ల స్పీడులో వెళ్తే సెకనుకి 83 సెం.మీ., అంటే ఒక్కో పైపులో సెకనుకి నాలుగు గింజలు, గింజకీ గింజకీ మధ్య దాదాపు 240 మిల్లీసెకన్లు. ప్లేట్ (పెట్టెలోంచి గింజలు ఒక్కోటిగా వదిలే తిరిగే పళ్ళెం) నుంచి 40 సెం.మీ. కిందకి పడేసరికి గింజ సెకనుకి 2.8 మీటర్ల వేగంలో ఉంటుంది, కాబట్టి సెన్సార్ ముందు నుంచి 3 నుంచి 5 మిల్లీసెకన్లలో దాటిపోతుంది. ఈ 240, 3-5 మిల్లీసెకన్ల రెండు అంకెలూ కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి, ప్రోగ్రామ్ రాసేటప్పుడు పదే పదే కావాలి.

ఇక్కడ చెప్పేది మొక్కజొన్న, శనగలకి. మినుము, పెసర లాంటి చిన్న గింజలకి పైపు సన్నగా ఉండాలి, సర్దుబాటు కింద చెప్తా. నువ్వులకి మాత్రం ఈ పద్ధతిలో గింజ గింజ లెక్కపెట్టాలని చూడకండి, పడుతున్నాయా ఆగాయా అన్నంతవరకే తెలుస్తుంది.

కావాల్సినవి (ఒక్కో సాలుకి)

- 940 నానోమీటర్ల ఐఆర్ ఎల్ఈడీలు 3, 5 మి.మీ. సైజువి
- నల్ల రంగు ఐఆర్ ఫోటోట్రాన్సిస్టర్లు (కిరణాన్ని చూసే కళ్ళు) 3, ఒకే ప్యాకెట్‌లోవి
- ఎల్ఎమ్393 కంపారేటర్ (రెండు వోల్టేజీల్ని పోల్చే చిప్) ఒకటి, కొన్ని రెసిస్టర్లు, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్
- లోపల నునుపుగా, బయట వెలుతురు లోపలికి రాకుండా ఉండే 25 మి.మీ. పైపు ముక్క
- నాలుగు పిన్నుల వాటర్‌ప్రూఫ్ కనెక్టర్, కవచం ఉన్న నాలుగు తీగల కేబుల్

మొత్తం బండికి కలిపి

- ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రామ్ నడిపే చిన్న కంట్రోలర్) ఒకటి
- 12 మి.మీ. ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సార్ (ఇనుము దగ్గరకొస్తే పసిగట్టేది, ఎన్‌పీఎన్ రకం), పీసీ817 ఆప్టోకప్లర్ (తీగలు కలవకుండా వెలుతురుతో సిగ్నల్ దాటించేది)
- ప్లాంటర్ దించిందీ ఎత్తిందీ తెలియడానికి ఒక లిమిట్ స్విచ్
- 12 వోల్టుల నుంచి 5 వోల్టులకి దించే ఎల్ఎమ్2596 మాడ్యూల్, 2 ఆంపియర్ల ఫ్యూజు, 1.5కేఈ24ఏ టీవీఎస్ డయోడ్ (ఒక్కసారిగా ఎగిసిన వోల్టేజిని అణిచేది)
- సాలుకో ఎర్ర లైటు, ఒక బజర్

ఈఎస్‌పీ32 బదులు ఆర్డునో నానో బోర్డుతో చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. రెండు సాళ్ళకి అయితే సరే. దాంట్లో నేరుగా ఇంటరప్ట్ (సిగ్నల్ రాగానే ప్రోగ్రామ్‌ని పిలిచేది) తీసుకునే పిన్నులు రెండే, నాలుగు సాళ్ళు, చక్రం, స్విచ్ అన్నీ కలిపేసరికి ఇబ్బంది పడతారు.

స్టెప్ 1: సెన్సార్ బ్లాక్

పైపు ముక్కకి ఒక పక్క మూడు రంధ్రాలు, సరిగ్గా ఎదురుగా ఇంకో మూడు. మధ్యది పైపు నడుమ, మిగతా రెండూ దానికి అటూ ఇటూ 8 మి.మీ. దూరంలో ఒకే వరసలో ఉండాలి. చేతి డ్రిల్‌తో చేస్తే ఎదురెదురుగా రావడం కష్టం, ఆటోనగర్‌లో లేత్ వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి నల్ల నైలాన్ కడ్డీలో తొలిపించుకోండి, గంట పని. గుంటూరులో అయినా విజయవాడలో అయినా చేసిపెడతారు, కొలతలు మాత్రం కాగితం మీద గీసి ఇవ్వండి, నోటితో చెప్పకండి.

ఒక్క ఎల్ఈడీతో సరిపెట్టొచ్చుగా అంటారు. సరిపోదు. 25 మి.మీ. పైపులో ఒక్క కిరణం నడిమి మీద మాత్రమే కాపలా కాస్తుంది, గోడ పక్క నుంచి జారిన గింజ కనపడదు. మూడు పెడితే 6 మి.మీ. దాటిన గింజ ఎక్కడ నుంచి పడ్డా ఏదో ఒకటి అడ్డుకుంటుంది. మినుముకి అయితే ఈ ముక్కని లోపల 12 మి.మీ. వెడల్పుకి తగ్గించి రెండు జతలు దగ్గర దగ్గరగా పెట్టండి, పైన గరాటులాగా నెమ్మదిగా సన్నబడాలి, ఒక్కసారి మెట్టులాగా తగ్గిస్తే గింజ అక్కడే ఎగురుతుంది.

ఎల్ఈడీ తలలు పైపు లోపలి గోడకి సమానంగా ఉండాలి. పొడుచుకొస్తే గింజ తగులుతుంది, లోపలికి పోతే ఆ గుంటలో దుమ్ము కూర్చుంటుంది. గ్లూ గన్‌తో అంటించకండి, మన ఎండకి మెత్తబడి జరిగిపోతాయి. ఎపాక్సీ వాడండి.

స్టెప్ 2: సర్క్యూట్

మూడు ఎల్ఈడీల్నీ వరసగా కలిపి 68 ఓమ్‌ల రెసిస్టర్‌తో 5 వోల్టులకి ఇవ్వండి, సుమారు 18 మిల్లీఆంపియర్లు పోతాయి, చాలు. అటుపక్క మూడు ఫోటోట్రాన్సిస్టర్లూ ప్యారలల్‌గా కలిపి, వాటి ఎమిటర్ల నుంచి గ్రౌండ్‌కి ఒక రెసిస్టర్ పెట్టండి. ఎంత పెట్టాలి అంటే, పైపు ఖాళీగా శుభ్రంగా ఉన్నప్పుడు ఆ రెసిస్టర్ మీద 2.5 వోల్టులు వచ్చేంత. 1 కిలోఓమ్ దగ్గర మొదలుపెట్టి మల్టీమీటర్ చూస్తూ మార్చండి. 4.5 వోల్టులు వస్తుంటే ట్రాన్సిస్టర్లు నిండిపోయాయి అన్నమాట, గింజ పడ్డా వోల్టేజి కదలదు. ఎక్కువ వెలుతురు ఉంటే మంచిదే అనుకుని చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు.

ఇప్పుడు ఆ వోల్టేజిని రెండు దారుల్లో పంపండి. ఒకటి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా కంపారేటర్‌కి. దీనివల్ల నెమ్మదిగా పేరుకునే దుమ్ము తేడా అడ్డుపడదు, గింజ పడ్డప్పుడు వచ్చే చప్పున దిగే కుదుపు మాత్రమే దాటుతుంది. కంపారేటర్ ఇన్‌పుట్‌ని 100 కిలోఓమ్ రెసిస్టర్‌తో 2 వోల్టుల దగ్గర నిలిపి, ఇంకో ఇన్‌పుట్‌ని దానికి 200 మిల్లీవోల్టులు కిందగా పెట్టండి, ఒక ప్రీసెట్ (స్క్రూతో తిప్పి మార్చుకునే రెసిస్టర్) పెడితే సర్దుకోవడం సులువు. ఎల్ఎమ్393 అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, అంటే కిందకి మాత్రమే లాగుతుంది, కాబట్టి దాన్ని పైకి లాగి ఉంచే పుల్ అప్ రెసిస్టర్‌ని 3.3 వోల్టులకి కట్టండి, 5కి కాదు, లేకపోతే ఈఎస్‌పీ32 పిన్ను పోతుంది. పుల్ అప్ బయట తప్పకుండా పెట్టాలి, ఎందుకంటే ఈఎస్‌పీ32లో 34 నుంచి 39 వరకు పిన్నులకి లోపల పుల్ అప్ ఉండదు.

రెండో దారి, అదే వోల్టేజిని రెండు 100 కిలోఓమ్ రెసిస్టర్లతో సగం చేసి అనలాగ్ పిన్నుకి. ఇది చాలామంది వదిలేస్తారు, అసలు నమ్మకం అంతా ఈ తీగలోనే ఉంది. ఎందుకంటే పైపు పూడిపోయి గింజలు సెన్సార్ దాకా నిండితే కిరణం పూర్తిగా ఆగిపోతుంది, కానీ కెపాసిటర్ దాటిన దారిలో పదోవంతు సెకను తర్వాత మళ్ళీ మామూలుగానే కనిపిస్తుంది. పూడిందని చెప్పేది ఈ రెండో తీగే. దుమ్ము పట్టిందని చెప్పేదీ ఇదే, తీగ తెగిందని చెప్పేదీ ఇదే. వైఫై వాడే ఉద్దేశం ఉంటే 32 నుంచి 39 లోపు పిన్నులే తీసుకోండి, మిగతా అనలాగ్ పిన్నులు వైఫై ఆన్ చేస్తే చదవవు.

కంపారేటర్‌ని పైపు పక్కనే పెట్టండి. చిన్న అనలాగ్ సిగ్నల్‌ని మూడు మీటర్ల కేబుల్‌లో బోర్డు దాకా లాక్కొస్తే హారన్ కొట్టినప్పుడల్లా నాలుగు గింజలు పడ్డట్టు లెక్కవస్తుంది.

టీఎస్‌ఓపీ1738 టీవీ రిమోట్ రిసీవర్ వాడొచ్చా అని కూడా అడుగుతారు. వద్దు. అది ఆగకుండా వచ్చే 38 కిలోహెర్ట్జ్‌ని చప్పుడు (నాయిస్, అంటే పనికిరాని సిగ్నల్) కింద తీసుకుని అణిచేస్తుంది, కాసేపు పనిచేసి తర్వాత మొద్దుబారిపోతుంది. కిరణం అడ్డు చూడ్డానికే చేసిన టీఎస్‌ఎస్‌పీ4038 అని వేరే ఉంది, అది వాడొచ్చు కానీ మరీ చురుకైంది, గింజ పక్క నుంచి గోడకి తగిలి వచ్చిన వెలుతురు కూడా చూసేస్తుంది, ఎల్ఈడీ కరెంటు బాగా తగ్గించాల్సి వస్తుంది.

స్టెప్ 3: పైపులో ఎక్కడ పెట్టాలి

పైన ప్లేట్ దగ్గర పెడితే శుభ్రంగా ఉంటుంది, కానీ కింద కర్రు దగ్గర మట్టి కూరుకుంటే దానికి తెలీదు, గింజలు పడుతున్నట్టే చూపిస్తుంది. మరీ కింద పెడితే బురద ఎగిరి పడుతుంది.

దీనికి ఒక చిన్న పరీక్ష చేయండి. పైపు కింది మూతి మూసేసి, సెన్సార్ పెట్టాలనుకున్న ఎత్తు వరకు గింజలు నింపి, అవి ఎన్నో లెక్కపెట్టండి. 25 మి.మీ. పైపులో 15 సెం.మీ. ఎత్తుకి నాకు దాదాపు 200 మొక్కజొన్న గింజలు పట్టాయి. అంటే పైపు మూతి పూడాక సెన్సార్‌కి తెలిసేసరికి 200 గింజలు పోయినట్టు, 20 సెం.మీ. చొప్పున 40 మీటర్ల సాలు ఖాళీ. 8 సెం.మీ. ఎత్తులో పెడితే వంద గింజలు, 20 మీటర్లు. నేను 8 దగ్గరే పెడుతున్నా, కర్రు వెనక ఒక రబ్బరు రేకు కట్టి బురద ఎగరకుండా చూస్తున్నా. మీ పైపు లావు, గింజ సైజు వేరు కాబట్టి మీ లెక్క మీరే చేసుకోండి, నా అంకె పట్టుకోకండి.

ఇంకోటి, మడతల మడతల గొట్టం ఉంటే తీసేయండి. ఆ మడతలకి తగిలి గింజ ఎగిరెగిరి పడుతుంది, ఒక్కోసారి ఒకే గింజ కిరణం ముందు రెండుసార్లు ఆడుతుంది. కింద వరకు నునుపు పైపే ఉండాలి.

స్టెప్ 4: దూరం కొలిచే చక్రం, ఇక్కడ జాగ్రత్త

గింజలు సెకనుకి ఎన్ని అని చూస్తే లాభం లేదు, డ్రైవర్ స్పీడు మారుస్తుంటాడు, గట్టు దగ్గర ఆగుతాడు. మీటరుకి ఎన్ని అని చూడాలి. దానికి దూరం కావాలి.

మొదట్లో నేను ప్రాక్సిమిటీ సెన్సార్‌ని ప్లాంటర్ చక్రానికే పెట్టాను, దగ్గరగా ఉంది, తీగ తక్కువ పడుతుంది అని. కొల్లిపర దగ్గర ఒక పొలంలో, పదును కాస్త ఎక్కువగా ఉంది, కోసిన వరి దుబ్బులు, తడి గడ్డి. ఆ గడ్డి చక్రం పళ్ళకి చుట్టుకుని మట్టితో కలిసి ముద్దయింది, చక్రం తిరగడం మానేసి జారుకుంటూ పోయింది. ప్లేట్లు తిరిగేది ఆ చక్రంతోనే, కాబట్టి నాలుగు పైపుల్లోనూ గింజ ఆగింది. నా సెన్సార్‌కి దూరం వచ్చేదీ ఆ చక్రం నుంచే, కాబట్టి దాని లెక్కలో బండి ఆగి ఉంది, అంతా సవ్యంగా ఉంది. బజర్ మోగలేదు. రైతు బాబాయ్ వెనక నడుస్తూ కాలితో మట్టి కదిపి చూసి కేకేశాడు, అప్పటికి దాదాపు రెండు సాళ్ళ పొడవు వట్టిదే. ఆయన నన్ను ఏమీ అనలేదు, వంగి చేత్తో గింజలు పెట్టడం మొదలుపెట్టాడు, నేనూ పెట్టాను. ఆ రోజు నుంచి ప్లాంటర్ చక్రం మీద సెన్సార్ పెట్టమని ఎవరికీ చెప్పలేదు.

దూరం ట్రాక్టర్ ముందు చక్రం నుంచి తీసుకోండి. 12 పళ్ళున్న ఇనుప రేకు ఒకటి కోయించి హబ్‌కి బిగించండి, దానికి 2, 3 మి.మీ. ఎడంగా ప్రాక్సిమిటీ సెన్సార్. దాని అవుట్‌పుట్ 12 వోల్టుల వైపుది కాబట్టి పీసీ817 ద్వారానే బోర్డుకి తీసుకురండి. ప్లాంటర్ ఎత్తినప్పుడు బజర్ మోగకుండా లిమిట్ స్విచ్ లిఫ్ట్ చేతుల దగ్గర. వీలుంటే ప్లాంటర్ చక్రానికి కూడా ఇంకో సెన్సార్ పెట్టండి, ముందు చక్రం తిరుగుతూ వెనక చక్రం తిరగకపోతే "చక్రం జారుతోంది" అని విడిగా చెప్పొచ్చు, డ్రైవర్‌కి దిగి ఏం చూడాలో వెంటనే తెలుస్తుంది.

క్యాలిబ్రేషన్: టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు చివర్లా కర్రలు పాతండి, పొలంలోనే, తారు రోడ్డు మీద కాదు. ప్లాంటర్ దించి నడిపి పల్సులు (రేకు పన్ను దాటినప్పుడల్లా వచ్చే సిగ్నళ్ళు) లెక్కించండి, మూడుసార్లు. మూడింటికీ మధ్య తేడా నూటికి రెండు దాటితే రేకు వంగిందో, ఎడం ఎక్కువైందో చూడండి.

స్టెప్ 5: కరెంటు

సగం ఫెయిల్యూర్లు ఇక్కడే. ట్రాక్టర్‌లో 12 వోల్టులు అంటాం గానీ, సెల్ఫ్ కొట్టినప్పుడు బాగా పడిపోతుంది, బ్యాటరీ టెర్మినల్ లూజుగా ఉండి ఆల్టర్నేటర్ తిరుగుతుంటే ఒక్కసారిగా చాలా పైకి ఎగుస్తుంది. ఎల్ఎమ్2596 గరిష్ఠంగా 40 వోల్టుల వరకే తట్టుకుంటుంది. అందుకే ముందు ఫ్యూజు, తర్వాత టీవీఎస్ డయోడ్, తర్వాత మాడ్యూల్, ఇదే వరస. నెగెటివ్ కోసం బాడీకి బిగించకండి, బ్యాటరీ దాకా విడి తీగ వేయండి, తుప్పు పట్టిన బోల్టు గుండా గ్రౌండ్ తెస్తే ఒకరోజు బానే ఉంటుంది, రెండో రోజు లైట్లు వేస్తే గింజల లెక్క మారిపోతుంది.

స్టెప్ 6: ప్రోగ్రామ్ ఏం చూడాలి

కోడ్ ఎవరి ఇష్టం వాళ్ళది, లాజిక్ మాత్రం ఇలా ఉండాలి.

- గింజ పైపు నుంచి వచ్చిన పల్స్ (కిరణం అడ్డుపడ్డంతసేపు వచ్చే సిగ్నల్) 1 మిల్లీసెకను కన్నా తక్కువ ఉంటే పారేయండి, అది కరెంటు చప్పుడు.
- మీ గింజ మామూలు పల్స్ ఎంతో ముందు కొలుచుకోండి. దానికి రెట్టింపు దగ్గర ఉంటే రెండు గింజలు కలిసి పడ్డాయేమో అని విడిగా లెక్కపెట్టండి.
- ఒక పల్స్ అయ్యాక 1 మిల్లీసెకను మాత్రమే ఆగండి. ఆర్డునో బటన్ ప్రోగ్రామ్ నుంచి 50 మిల్లీసెకన్ల డీబౌన్స్ (ఒక సిగ్నల్ అయ్యాక ఇంకోటి పట్టించుకోకుండా ఆగే సమయం) కాపీ కొట్టకండి, వెనకే వచ్చిన రెండో గింజని అది మింగేస్తుంది, జంటలు అసలు లేనట్టు కనపడుతుంది.
- ప్లాంటర్ దించి ఉంది, 1 మీటరు దాటింది, ఆ సాలులో ఒక్క గింజా లేదు: బజర్, ఆ సాలు లైటు.
- 5 మీటర్లలో 25 గింజలు పడాల్సింది 20 లోపు పడ్డాయి: లైటు మాత్రమే, బజర్ వద్దు.
- అనలాగ్ వోల్టేజి అర సెకను పాటు బాగా కిందకి పోయి అక్కడే ఉంది: పైపు పూడింది, బజర్.
- అది శుభ్రంగా ఉన్నప్పటి విలువలో నూటికి 60కి దిగింది: లైటు నెమ్మదిగా ఆరి వెలగాలి, అంటే తుడవాలి.

ఒక్క గింజ తప్పితే బజర్ మోగించకండి. ఏ ప్లేట్ అయినా అప్పుడప్పుడు ఒకటి వదిలేస్తుంది, అది డ్రైవర్ సరిచేయగలిగేది కాదు. డ్రైవర్ దిగి ఏదన్నా చేయగలిగితేనే బజర్, మిగతాదంతా లైటుతో చెప్పాలి.

ఆన్ చేయగానే అన్ని లైట్లూ, బజర్ ఒక్క సెకను వెలిగి మోగాలి. నిశ్శబ్దంగా ఉన్నది బాగుండి నిశ్శబ్దమా, చచ్చిపోయి నిశ్శబ్దమా అన్నది డ్రైవర్‌కి పొద్దున్నే తెలియాలి.

స్టెప్ 7: బల్ల మీద పరీక్ష

లెక్కపెట్టిన 100 గింజలు ఒక్కోటిగా పైనుంచి వేయండి, పదిసార్లు. వందకి రెండు మించి తేడా రాకూడదు, ఇది నేను పెట్టుకున్న హద్దు. ఎప్పుడూ తక్కువే వస్తుంటే కంపారేటర్ హద్దుని (ఆ 200 మిల్లీవోల్టుల తేడాని) తగ్గించాలి, ఎక్కువ వస్తుంటే గింజ ఎగురుతోంది లేదా చప్పుడు వస్తోంది. కావాలని జంటలుగా కూడా వేసి చూడండి.

గదిలో ట్యూబులైటు కింద పైపు చివర తెరిచి పెట్టి పరీక్షిస్తే గింజ వేయకుండానే లెక్క పెరగొచ్చు, మెయిన్స్ లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి కాబట్టి. భయపడకండి, పైపు రెండు చివర్లా నల్ల గుడ్డ చుట్టి మళ్ళీ చూడండి. తర్వాత మిట్టమధ్యాహ్నం బయట పెట్టి పైపుని ఎండకి అటూ ఇటూ తిప్పండి, అనలాగ్ విలువ నూటికి పది మించి కదిలితే వెలుతురు ఎక్కడి నుంచో దూరుతోంది, వెతికి మూసేయండి.

ఇక దుమ్ము పరీక్ష, దీన్ని ఎవరూ చేయరు. ఎండిన నల్లరేగడి మట్టిని బట్టలో జల్లెడ పట్టి, ఆ పొడిని గుప్పెడు గింజల్లో కలిపి పైపులో పోయండి. పదిసార్లు పోశాక లోపల చూడండి, మందు పట్టించిన గింజ అయితే ఎల్ఈడీ తల మీద గులాబీ రంగు పొర కనపడుతుంది, వేలితో తీస్తే జిడ్డుగా వస్తుంది. ఆ పొరతో కూడా వందకి తొంభై ఎనిమిది పడితేనే పొలానికి తీసుకెళ్ళండి.

మందు గింజలతో పనిచేసేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి, పరీక్ష అయ్యాక వాటిని కోళ్ళకి వేయకండి, పిల్లలకి అందేచోట పెట్టకండి.

స్టెప్ 8: పొలంలో పరీక్ష

ప్లాంటర్ నడిపాక ఒక్కో సాలులో 10 మీటర్లు కొలిచి, పైమట్టి చేత్తో నెమ్మదిగా తీసి గింజలు బయటపెట్టండి. 50 ఉండాలి. సెన్సార్ అదే 10 మీటర్లలో ఎన్ని చెప్పిందో పక్కన రాయండి. సాలుకి మూడు చోట్ల చేయండి, మొదట్లో, మధ్యలో, గట్టు దగ్గర.

గింజల మధ్య దూరం కూడా టేపుతో రాసుకోండి. అనుకున్న దూరంలో సగం, అంటే 10 సెం.మీ. కానీ అంతకు తక్కువ కానీ ఉంటే జంట, ఒకటిన్నర రెట్లు అంటే 30 దాటితే ఖాళీ. ప్లాంటర్లని పరీక్షించే ఐఎస్ఓ 7256-1 ప్రమాణంలో కూడా హద్దులు ఇవే. సెన్సార్ టైము నుంచి లెక్కకట్టిన దూరం, నేలలో ఉన్న దూరం సరిగ్గా కలవవు, గింజ పైపు దాటాక కర్రులో తగిలి దొర్లుతుంది. కాబట్టి సంఖ్య కలుస్తుందా చూడండి, దూరాల కోసం సెన్సార్ మీద ఆధారపడకండి.

తర్వాత కావాలని పాడుచేసి చూడాలి. ఒక పైపు కింద తడిమట్టి ముద్ద నొక్కి నడపండి, ఎన్ని మీటర్లకి మోగింది? ఒక పెట్టెలో గింజలు ఖాళీ చేయండి. ఒక కనెక్టర్ పీకండి. ప్లాంటర్ చక్రాన్ని తాడుతో కట్టేసి పది మీటర్లు లాగండి. నాలుగింటికీ సరిగ్గా చెప్పిందంటే డ్రైవర్‌ని పిలిచి ఆయన ముందు మళ్ళీ చేయండి, ఎందుకంటే నమ్మాల్సింది ఆయన. చేతులు పెట్టే ప్రతిసారీ ఇంజన్ ఆపించి, తాళం మీ జేబులో వేసుకోండి.

ఎక్కువగా అడిగే ఇబ్బందులు

*పొద్దున బానే ఉంటుంది, మధ్యాహ్నానికి ఊరికే మోగుతోంది.* ముందు అనలాగ్ విలువ చూడండి. తగ్గి ఉంటే దుమ్ము, సీసాలు కడిగే బ్రష్‌కి పొడి గుడ్డ చుట్టి పైపులో రెండుసార్లు తిప్పండి, తడి గుడ్డ వద్దు, మందు పొడి పేస్టు అవుతుంది. విలువ పెరిగి ఉంటే ఎండ దూరుతోంది.

*ఒక్క సాలులోనే లెక్క ఎక్కువ.* ఆ సాలు సెన్సార్‌ని పక్క సాలుకి మార్చండి. తప్పు సెన్సార్ వెంట వెళ్తే సెన్సార్‌దే, అక్కడే ఉంటే ప్లేట్ అరిగి నిజంగానే రెండేసి గింజలు వేస్తోంది. చాలాసార్లు సెన్సార్‌ని తిడతాం, తప్పు ప్లేట్‌ది ఉంటుంది. గింజ గ్రేడ్ మారినప్పుడు ప్లేట్ మార్చకపోయినా ఇదే.

*వాన తుంపరకి బోర్డు రీసెట్ అవుతోంది.* కనెక్టర్ తెరిచిన మూతి పైకి ఉందా చూడండి, కిందకి తిప్పి కట్టండి. కేబుల్ బోర్డు డబ్బాలోకి వెళ్ళే ముందు ఒక వంపు కిందకి వేలాడాలి, నీటి చుక్క అక్కడి నుంచి రాలిపోవాలి.

*కుదుపులకి తీగలు తెగుతున్నాయి.* సోల్డర్ చేసిన చోటే తెగుతుంది ఎప్పుడూ. ఆ చోటు నుంచి రెండు అంగుళాల లోపు కేబుల్‌ని బ్లాక్‌కే క్లాంపు చేయండి, లాగుడు సోల్డర్ మీద పడకూడదు.

సీజన్ అయ్యాక సెన్సార్ బ్లాకులు, కేబుళ్ళు విప్పి తుడిచి ఇంట్లో డబ్బాలో పెట్టుకోండి. పెట్టెలో మిగిలిన గింజలు కూడా తీసేయండి, ఆ గింజల కోసం షెడ్డులోకి వచ్చిన ఎలుకలు ముందు కొరికేది కేబుళ్ళనే. అనలాగ్ విలువలు ఒక్కో సాలుకి శుభ్రంగా ఉన్నప్పుడు ఎంతో డబ్బా మూత లోపల మార్కర్‌తో రాసి పెట్టండి, వచ్చే డిసెంబర్‌లో మళ్ళీ బిగించినప్పుడు మొదట చూడాల్సింది ఆ అంకెలే.